జిప్సీ లిఫ్ట్ చేయించాక 65 దగ్గర వణుకు: బాలెన్సింగ్ అయింది, క్రాసులు మార్చినా పోలేదు

అనంత_జిప్సీ
నాది 2009 మారుతి జిప్సీ, ఫోర్ వీల్ డ్రైవ్ బండి. రెండు నెలల కింద ఇక్కడే బెంగళూరులో ఒక గ్యారేజీలో కమాన్లు (పట్టీల స్ప్రింగులు) హౌసింగ్ (ఇరుసు ఉండే గొట్టం) కింద నుంచి పైకి మార్పించి లిఫ్ట్ చేయించినాను. బండి దాదాపు 5 అంగుళాలు లేచింది. టైర్లు 205/70 తీసి 235/75 వేయించినా, రిమ్ములు అవే 15 అంగుళాలవి.

ఆ రోజు నుంచి ఒకటే బాధ. మీటర్లో 60 దాటితే కాళ్ళ కింద సన్నగా వణుకు మొదలవుతుంది. 65 దగ్గర గేర్ రాడ్ మీద చెయ్యి పెడితే తిమ్మిరెక్కుతుంది. 75 దాటితే కాస్త తగ్గుతుంది. యాక్సిలరేటర్ తొక్కి ఉంటే ఎక్కువ, వదిలితే తక్కువ. స్టీరింగ్ మాత్రం ఊగదు.

వీల్ బాలెన్సింగ్ రెండుసార్లు అయింది. అలైన్‌మెంట్ అయింది. తర్వాత క్రాసులు, అంటే వెనక చక్రాలకి శక్తి తీసుకుపోయే షాఫ్ట్ చివర్లలో వంగే కీళ్ళు, పోయినాయన్నారు. జేసీ రోడ్డులో కొత్తవి రెండు తెచ్చిస్తే వెనక షాఫ్ట్ దించి వేసినారు. తగ్గకపోగా కాస్త ఎక్కువైందేమో అనిపిస్తోంది. ఇప్పుడేమో "లిఫ్ట్ చేస్తే అంతే సార్, అలవాటైపోతుంది" అంటున్నారు.

శనివారం అమ్మను తీసుకుని అనంతపురం పోయినా. దేవనహళ్ళి దాటినప్పటి నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాకా ఆమె ముందరి కడ్డీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "బండికి జరమొచ్చిందా నాయనా" అని అడిగింది. ఇది అలవాటు చేసుకోవాల్సిన విషయమని నాకైతే అనిపించడం లేదు.

టైరుమామ
టైర్లే. పెద్ద గ్రిప్ టైర్లు మిషన్ మీద సున్నా చూపించినా రోడ్డు మీద గుండ్రంగా తిరగవు. ముందువి వెనక్కి వేసి చూడు.

అనంత_జిప్సీ
మార్చి చూసినా మామా. పాత 205 టైర్లు స్నేహితుడి దగ్గర ఉంటే ఒక రోజు అవి కూడా వేసుకుని తిరిగినా. వణుకు అట్లే ఉంది, మీటర్లో అదే 65 దగ్గర.

మూడోగేరు
అదే 65లో మూడు, నాలుగు, ఐదు గేర్లు వేసి చూశావా? ఇంజను మౌంటింగులైతే గేరు మారగానే వణుకు మారుతుంది.

కమానుకట్ట
ఒరే అబ్బయా, ముందు ఇది చెప్పు. ముందర చక్రాలని ఇరుసుకి కలిపే హబ్బులు ఫ్రీలో ఉండాయా, లాక్‌లో ఉండాయా? లాక్‌లో ఉంటే టూ హెచ్‌లో, అంటే వెనక చక్రాల మీదే, పోతా ఉన్నా ముందర షాఫ్ట్ ఊరికే తిరగతా ఉంటాది. వెనకదాన్ని తిడతా కూర్చుంటావు, తప్పు ముందరదానిది అయి ఉంటాది.

అనంత_జిప్సీ
హబ్బులు ఫ్రీలోనే పెద్దాయనా, చేత్తో తిప్పి చూసుకున్నా. మూడోగేరు చెప్పినట్టు ఇప్పుడే హొసకోటె దాకా పోయి వచ్చినా. మూడు గేర్లలోనూ 65 దగ్గరే, ఒకే రకం వణుకు. ఖాళీ రోడ్డులో న్యూట్రల్ చేస్తే బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

పీణ్య_లేత్
టైరు మారినా మీటర్లో అదే 65 అన్నావు చూడు, సగం అక్కడే తేలిపోయింది. జిప్సీకి మీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక షాఫ్ట్‌లకి పంచే పెట్టె) నుంచి వస్తుంది. అది లెక్కపెట్టేది షాఫ్ట్ తిరుగుడుని. 235/75 టైరు పాతదానికంటే చుట్టుకొలతలో దాదాపు 10 శాతం పెద్దది. కాబట్టి కొత్త టైర్లతో నీ 65 నిజానికి 71, పాత టైర్లతో 65 అంటే 65. రోడ్డు మీద వేగం మారింది, టైర్లు మారాయి, వణుకు మాత్రం షాఫ్ట్‌ని అంటిపెట్టుకునే ఉంది. గేరు మార్చినా కదల్లేదు కాబట్టి ఇంజనూ క్లచ్చూ కూడా పక్కకి.

ఇక షాఫ్ట్‌లో ఏమిటన్నది. టైరు ఒక చుట్టుకి 2.3 మీటర్లు పోతుంది. 71లో చక్రం సెకనుకి 8.6 చుట్లు. డిఫరెన్షియల్ రేషియో దాదాపు 4 అనుకో, షాఫ్ట్ సెకనుకి 34 చుట్లు. షాఫ్ట్ బరువు ఒక పక్కకి లాగినా, గొట్టం వంగినా చుట్టుకి ఒక దెబ్బే, 34 హెర్ట్జ్. క్రాసుల కోణాల్లో తేడా ఉంటే చుట్టుకి రెండు దెబ్బలు, 68 హెర్ట్జ్.

ఎందుకు రెండంటే, క్రాసు వంపులో తిరిగేటప్పుడు ఇవతల ఒకే వేగంతో తిరిగినా అవతల అలా తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు ముందుకి ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. 10 డిగ్రీల వంపులో ఆ తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం, 20 డిగ్రీలకి 6 శాతం. రెండో చివర క్రాసు అంతే వంపులో ఉంటే మొదటిది చేసిన తప్పుని అది దిద్దేస్తుంది. కంపెనీ బండిలో మనకి తెలియకపోవడానికి కారణం అదే. లిఫ్ట్ చేసినప్పుడు ఆ జత చెడిపోతుంది.

ఫోనులో శబ్దాన్ని గీతలుగా చూపించే స్పెక్ట్రమ్ యాప్ వేసుకుని, సీటు కింద పెట్టి, 65 దగ్గర పట్టు. పక్కన ఇంకొకళ్ళని కూర్చోబెట్టుకో, నడుపుతూ ఫోను చూడొద్దు.

కరీంనగర్_కాకా
గింత లెక్కలెందుకు తమ్మీ. షాఫ్ట్ దించి బాలెన్సింగ్ చేపియ్, అయిపాయె. నా పాత జీపుకు గట్లనే అయింది. రెండు హోస్ క్లిప్పులు షాఫ్ట్ మీద బిగించి, జర జర తిప్పుకుంట పోతే ఒక కాడ వణుకుడు బందయింది. ఖర్చు వంద రూపాయలు గూడ గాలె.

పీణ్య_లేత్
కాకా, క్లిప్పుల పద్ధతి తప్పు కాదు. నేనే చాలా బళ్ళకి చేశాను. కానీ అది చుట్టుకి ఒక్క దెబ్బ కొట్టే వణుకుకే పనిచేస్తుంది. రెండు దెబ్బలదైతే ఎన్ని క్లిప్పులు కట్టినా పోదు. ముందు ఏదో తెలియాలి కదా.

అనంత_జిప్సీ
మా తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని నైస్ రోడ్డులో పట్టినాం. 67, 68 మధ్యలో కొండలా లేచింది. 34 దగ్గర చిన్న బుడిపె, అంతే.

కరీంనగర్_కాకా
అయితే నువ్వే రైట్ పీణ్య అన్నా. నా మాట వాపస్.

మట్టిదారి_మాధవి
నాదీ కమాన్లు పైకెక్కించిన జిప్సీనే, నాలుగేళ్ళయింది. నాకూ అచ్చంగా ఇదే. కమాన్లు పైకి మార్చేటప్పుడు హౌసింగ్ మీద కమాన్లు కూర్చునే కొత్త పీటలు వెల్డ్ చేస్తారు. ఆ పీట ఎంత వాలులో అతికించారన్న దాని మీద పినియన్ ముక్కు (షాఫ్ట్ వచ్చి డిఫరెన్షియల్‌కి తగిలే చోటు) ఎటు చూస్తుందో ఆధారపడుతుంది. చాలామంది ఏం చేస్తారంటే, షాఫ్ట్ తిన్నగా కనబడాలని ముక్కుని ట్రాన్స్‌ఫర్ కేసు వైపు పైకి ఎత్తేస్తారు. కంటికి బాగుంటుంది, వెనక క్రాసులో వంపే ఉండదు. కానీ ముందు క్రాసు వంపు అలాగే ఉంటుంది, దాన్ని దిద్దే దిక్కు లేదు. పైన రెండు క్రాసులు పక్కపక్కనే ఉండే డబుల్ జాయింటు షాఫ్ట్‌కైతే ముక్కు ఎత్తడం సరే. చివరకో క్రాసు ఉన్న మన షాఫ్ట్‌కి ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజీ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే పళ్ళెం), పినియన్ ఫ్లాంజీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి.

తమ్ముడూ, కొలవాల్సినవి మూడే. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఫ్లాంజీ, షాఫ్ట్ గొట్టం, పినియన్ ఫ్లాంజీ. బండి నాలుగు చక్రాల మీద సమమైన నేల మీద నిలబడి ఉండాలి. ఛాసిస్‌కి జాకీ పెట్టి లేపితే హౌసింగ్ వేలాడిపోయి కొలతలన్నీ అబద్ధమవుతాయి. అయస్కాంతం ఉన్న ఏంగిల్ గేజ్ కొనుక్కో, ఫోను అంచు గుండ్రంగా ఉంటుంది కాబట్టి నమ్మలేం. కిందికి దూరే ముందు చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టు.

ఇంకోటి, వెనక బ్రేకు గొట్టం చూసుకున్నావా? లిఫ్ట్ అయ్యాక అది బిగుసుకుపోయి ఉంటుంది.

రికార్డుబుక్కు
విషయం వేరైనా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2009 బండి అంటే 15 ఏళ్ళ ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) సంగతి కూడా ఉంది. పాత స్పేర్లు పారేయకుండా దాచుకో.

అనంత_జిప్సీ
కమాన్లని హౌసింగ్‌కి బిగించే పాత యూ బోల్టులతో సహా అన్నీ ఉన్నాయి.

మా అపార్ట్‌మెంటు పార్కింగ్ వాలుగా ఉంది. కేఆర్ పురంలో తెలిసినాయన గోడౌన్ నేల బాగుందంటే అక్కడికి పోయి కొలిచినా. మూడేసి సార్లు కొలిచి రాసుకున్నా.

ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి 3 డిగ్రీలు కిందికి వాలి ఉంది. షాఫ్ట్ 11 డిగ్రీలు వాలి ఉంది. పినియన్ ముక్కు 9 డిగ్రీలు పైకి చూస్తోంది.

పీణ్య_లేత్
ముందు క్రాసు వంపు 11లో 3 తీస్తే 8. వెనక క్రాసు వంపు 11లో 9 తీస్తే 2. మాధవి గారు చెప్పింది ముమ్మాటికీ నిజం. 8కి 2 జత కాదు. రెండు వంపుల వర్గాల తేడాకి వర్గమూలం తీస్తే మిగిలిపోయిన తప్పు ఎన్ని డిగ్రీల ఒంటి క్రాసుతో సమానమో తెలుస్తుంది. 64లో 4 తీస్తే 60, అంటే 7.7 డిగ్రీలు. 3 లోపు ఉంటే మనిషికి తెలియదు.

ముక్కుని 9 నుంచి 2కి దించాలి. సమాంతరం అంటే 3 కావాలి కానీ, కమాన్ల బండిలో యాక్సిలరేటర్ తొక్కగానే హౌసింగ్ మెలితిరిగి ముక్కు ఒక డిగ్రీ అటూ ఇటుగా లేస్తుంది. దానికి ముందే చోటు వదలాలి. ముక్కు దిగితే షాఫ్ట్ వాలు కూడా ఒకటో ఒకటిన్నరో పెరుగుతుంది, కంగారుపడకు.

కమానుకట్ట
కమాను కింద వాలుగా ఉండే వెడ్జ్ ముక్క పెడితే సరిపోదా? వెల్డింగ్ అంతా మళ్ళా కోసేది ఎందుకు.

మట్టిదారి_మాధవి
పెద్దాయనా, రెండు మూడు డిగ్రీలకైతే వెడ్జ్ సరే, అదీ ఇనుపది. 7 డిగ్రీల వెడ్జ్ అంటే ముందు అంచు మందం మీరే ఊహించండి. నేను మొదట అల్యూమినియంది పెట్టాను. సకలేశపుర నుంచి వచ్చేటప్పుడు చిట్లి జారిపోయింది, యూ బోల్టులు వదులయ్యాయి. ఘాట్‌లో హౌసింగ్ ఒక పక్కకి జరిగితే ఎలా ఉంటుందో నేను చూశాను. ఎవరికీ వద్దు.

కమానుకట్ట
అట్లయితే కోసేదే మేలు తల్లీ. మా నాయన లారీలకు ఇనుప వెడ్జులు పెట్టేవాడు, అల్యూమినియంవి ఆయన వాడలేదు.

పీణ్య_లేత్
వెల్డ్ చేయించేటప్పుడు ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే హౌసింగ్‌కి పెట్టమను. ఛాసిస్‌కి పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కొరికేస్తుంది. బ్యాటరీ తీగ తీసెయ్. ఒకేసారి పొడుగ్గా కాల్చకుండా అటు కొంచెం, ఇటు కొంచెం, చల్లారనిచ్చి చెయ్యాలి, లేకపోతే హౌసింగ్ గొట్టం వంగుతుంది. ముందు వెల్డింగ్ చుక్కలు మాత్రం పెట్టి, బండి దింపి, కొలిచి, అప్పుడే పూర్తి వెల్డింగ్.

ముక్కు దించితే ఇంకో లాభం ఉంది. అంత పైకి ఎత్తి ఉంటే పినియన్ ముందు బేరింగుకి ఆయిల్ సరిగా అందదు.

అనంత_జిప్సీ
(పన్నెండు రోజుల తర్వాత)
అన్నా, అక్కా, ఏం చెప్పాలో తెలియడం లేదు. వేరే వెల్డర్ దగ్గర దగ్గరుండి చేయించినా. చుక్కలు పెట్టించి, దింపి, కొలిచి, మళ్ళా పూర్తి వెల్డింగ్. ఇప్పుడు ముక్కు 2, షాఫ్ట్ 12. అంటే ముందు వంపు 9, వెనక వంపు 10. కాగితం మీద చక్కగా జత కుదిరింది.

వణుకు మాత్రం ముందుకంటే రెట్టింపు. ఇప్పుడు 45కే మొదలైంది. 60 దగ్గర అద్దంలో వెనక బళ్ళు కనపడకుండా అదిరింది, భయమేసి ఆపేసినా. రెండు సెలవులు, వెల్డింగ్ డబ్బులు అన్నీ పోయినాయి. రాత్రి నిద్ర పట్టలేదు.

టైరుమామ
నేను ముందే చెప్పాను.

మూడోగేరు
మామా, 45కే వచ్చే వణుకు టైర్లది ఎట్లా అవుతుంది, ఆ టైర్లు మారలేదు కదా.

కరీంనగర్_కాకా
వెల్డింగ్ వేడికి హౌసింగ్ వంగిందా ఏంది? లేకుంటే పినియన్ బేరింగ్ పోయిందా? షాఫ్ట్ పట్టుకొని పైకి కిందికి ఊపి చూడు.

అనంత_జిప్సీ
ఊపి చూసినా కాకా, ఆట లేదు. స్పెక్ట్రమ్ మళ్ళా పట్టినాం. మళ్ళీ రెండు దెబ్బలదే, ఇంకా పెద్ద కొండ.

మట్టిదారి_మాధవి
ఆగండి. కోణాలు కుదిరాక వణుకు పెరిగిందంటే నాకు ఒకటే తడుతోంది. తమ్ముడూ, మొదటి పోస్టులో క్రాసులు మార్చాక కాస్త ఎక్కువైందేమో అన్నావు. క్రాసులు వేసేటప్పుడు షాఫ్ట్‌ని మధ్యలో స్లిప్ (పొడవు పెరిగి తగ్గే జారుడు జాయింటు) దగ్గర లాగి రెండు ముక్కలు చేశారా? షాఫ్ట్ రెండు చివర్లూ కనబడేలా పక్క నుంచి ఒక ఫోటో పెట్టు. వెంటనే.

అనంత_జిప్సీ
ఫోటో పెట్టినా అక్కా. అవును, రెండు ముక్కలు చేసే వేసినారు, నేను అక్కడే ఉన్నా.

మట్టిదారి_మాధవి
ఫోటోలో ముందు చివర చూడు. క్రాసుని పట్టుకునే షాఫ్ట్ చీలిక రెండు చెవులూ పైకీ కిందికీ నిలబడి ఉన్నాయి. వెనక చివర అదే షాఫ్ట్ చెవులు అడ్డంగా పడుకుని ఉన్నాయి. ఒకే షాఫ్ట్‌కి ఉన్న రెండు చీలికలూ ఒకే వరసలో ఉండాలి. నీవి పావు చుట్టు తేడాలో ఉన్నాయి.

పీణ్య_లేత్
అమ్మా, మీకు దండం. కొలతలు చూశాను కానీ చెవులు చూడాలని నాకు తట్టలేదు. తప్పు నాది.

పావు చుట్టు తేడా ఉంటే వెనక క్రాసు ముందుదాన్ని దిద్దదు. ముందుది ఉరికినప్పుడే ఇదీ ఉరుకుతుంది. అప్పుడు వర్గాలు తీసేయకూడదు, కలపాలి. క్రాసులు మార్చిన రోజు 64, 4 కలిపితే 68, వర్గమూలం 8.2. అంతకుముందు 7.7. అందుకే నీకు కాస్తంతే ఎక్కువైనట్టు అనిపించింది. ఇప్పుడు 81, 100 కలిపితే 181, అంటే 13న్నర డిగ్రీలు. వెనక వంపు 2 ఉన్నంతకాలం ఈ తప్పు దాక్కుంది. దాన్ని మనం 10 చేసేసరికి బయటపడింది. వెల్డింగ్ వృథా పోలేదు, బాధపడకు.

వెనక ఫ్లాంజీ నాలుగు బోల్టులు విప్పు. షాఫ్ట్ దించి, స్లిప్ లాగి, పావు చుట్టు తిప్పి, చెవులు వరసకి తెచ్చి ఎక్కించు. షాఫ్ట్ రెండు చివర్లా ఫ్లాంజీలకే బిగించి ఉంటుంది కాబట్టి ఆయిల్ కారదు. స్లిప్ పళ్ళు లెక్కపెట్టుకో, ఒక పన్ను తేడా కూడా ఉండకూడదు. బల్ల మీద పెట్టి ఒక చివర చెవుల మీద గేజ్ పెట్టి సున్నా చెయ్, రెండో చివర కూడా సున్నా రావాలి.

కమానుకట్ట
విప్పే ముందర ప్రతి దానికీ గుర్తు పెట్టాల. మా నాయన పని మొదలుపెట్టే ముందర సుద్దముక్క చెవిలో పెట్టుకునేవాడు. ఏ షాఫ్ట్ లాగినా ముందు గీత, తర్వాతనే స్పానరు.

అనంత_జిప్సీ
అయిపోయింది.

నిన్న పొద్దున నేనే దించినా, తమ్ముడు కింద పట్టుకున్నాడు. స్లిప్ లాగితే లోపల పాత గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది. కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పూసి, చెవులు వరస చేసి, గేజ్ రెండు చివర్లా సున్నా చూసుకుని ఎక్కించినా. స్లిప్‌కి రెండు వైపులా తెల్ల పెయింటుతో గీత గీసినా.

హోసూరు రోడ్డు ఫ్లైఓవర్ ఎక్కి 65 దగ్గర గేర్ రాడ్ మీద చెయ్యి పెట్టినా. ఏమీ లేదు. రెండు నెలల్లో మొదటిసారి టైర్ల మోత విన్నా. మీటర్లో 75 దాకా నున్నగా ఉంది. 80 దాటితే సన్నటి గుయ్యి మొదలవుతోంది, ఇదివరకటిలా కాదు.

పీణ్య_లేత్
ఆ గుయ్యికి రెండు కారణాలు ఉండొచ్చు. వంపులు సమానమైనా షాఫ్ట్ నడిమి భాగం మాత్రం హెచ్చుతగ్గులతోనే తిరుగుతుంది. షాఫ్ట్ నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు వంపు 8.7 డిగ్రీలు మించకూడదని, 2500కి 7 మించకూడదని షాఫ్ట్ తయారీదారుల లెక్క. నీది 9, 10. కాబట్టి మీటర్లో 80 పైన కొంత ఉంటుంది. అది వద్దంటే డబుల్ జాయింటు షాఫ్ట్ వేసి ముక్కు మళ్ళీ పైకి ఎత్తాలి, లేదా లిఫ్ట్ తగ్గించుకోవాలి.

రెండోది, గేర్‌బాక్స్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకి ఉన్న పొట్టి షాఫ్ట్ చూశావా? దాన్ని అందరూ మర్చిపోతారు. జిప్సీలో మామూలు రోడ్డు మీద వాడే హై రేంజ్‌లో కూడా ట్రాన్స్‌ఫర్ కేసు వేగాన్ని కొంచెం తగ్గించి పంపుతుంది. అంటే ఆ పొట్టిది వెనకదానికంటే వేగంగా తిరుగుతుంది.

అనంత_జిప్సీ
ఈ రోజు చూసినా అన్నా. పొట్టి షాఫ్ట్ ముందు క్రాసు కప్పుల చుట్టూ ఎర్రగా, ఇటిక పొడి లాంటి దుమ్ము. దించి వైస్‌లో పెట్టి సర్‌క్లిప్ తీసి కప్పు కొడితే లోపలి బేరింగు సూదులు జీలకర్ర రాలినట్టు రాలినాయి. చుక్క గ్రీజు లేదు. క్రాసు కాలి మీద గోరుతో గీస్తే గాట్లు గాట్లుగా తగులుతోంది. కొత్తది వేసినా, ఈసారి విప్పే ముందే గీతలు పెట్టుకుని. గుయ్యి సగానికి తగ్గింది.

డబుల్ జాయింటు ఇప్పుడే వద్దు. మీటర్లో 75 అంటే నిజానికి 82, ఈ ఎత్తు బండికి అది చాలు.

కరీంనగర్_కాకా
ఎర్ర దుమ్ము కనవడ్డదంటే ఆ క్రాసు ఖతమే. నేను గూడ నా జీపు కిందికి పోయి చూస్తా ఇయ్యాల.

కమానుకట్ట
గ్రీజు ఎక్కించే నిప్పిల్ ఉండే క్రాసే వేసినావు కదా? నాలుగు కప్పుల్లో నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టల్ల. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకుంటే ఆ ఒక్కటే తర్వాత ఏడిపిస్తాది.

అనంత_జిప్సీ
నిప్పిల్ ఉన్నదే పెద్దాయనా. నాలుగింటిలోనూ వచ్చింది, వేలితో తుడిచి చూసినా.

మట్టిదారి_మాధవి
నా బ్రేకు గొట్టం ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

అనంత_జిప్సీ
క్షమించు అక్కా. నువ్వు అడిగిన రోజే చూసి ఉండాల్సింది. ఈ రోజు హౌసింగ్ వేలాడేదాకా ఛాసిస్ లేపి చూస్తే గొట్టం తీగలా బిగుసుకుంది, మొదట్లో సన్నగా పగుళ్ళు. రేపు జేసీ రోడ్డుకి పోయి పొడుగుది తెస్తా. అది వేసి బ్రేకులు బ్లీడ్ చేయించేదాకా, అంటే లోపలి గాలి తీయించేదాకా, బండి తీయను. అమ్మను దసరాకి బస్సులో పంపించినా.